పదిహేడో చిల్లు

మేస్త్రి తాగి వచ్చి గోడకి డ్రిల్లు కొట్టాడని చెబుతారు. అబద్ధం. పన్నెండేళ్ళలో ఆ మనిషి సైటు మీద టీ తప్ప ఇంకేదీ తాగగా నేను చూడలేదు, ఆ టీ కూడా సగం పారబోసేవాడు. మేడమ్ సమయానికి బుర్ర పెట్టి పసిపిల్లల్ని కాపాడిందని ఇంకో కథ ఉంది. అది ఇంకా పెద్ద అబద్ధం. మొదటిది ఒక మనిషి పరువు తీసింది, రెండోది నాకు పరువు తెచ్చిపెట్టింది. రెండూ మా ప్రొప్రైటరు గారి నోట్లోంచే బయల్దేరాయి. మొన్న కొత్తగా పనిలో చేరిన ఒకమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, ఆ ఆక్సిజన్ గోడ మీదేనట కదా, భలే ధైర్యం చేశారట కదా" అంది. ధైర్యం! ఆ రోజు నా కాళ్ళు వణికిన వణుకు చూసుంటే ఆ పిల్ల ఈ పని మానేసి బ్యాంకు పరీక్షలు రాసుకునేది.

కాబట్టి ఈ పన్లోకొచ్చే మీ అందరికీ నేనే చెబుతాను. మోకాళ్ళు మెట్లెక్కనంటున్నాయి, సైట్లు మానేశాను. ఎవరి కిందా పని చేయడం లేదు గనక ఎవరికీ నచ్చేలా చెప్పాల్సిన అవసరమూ లేదు.

నేను చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ. చేసింది ఇరవై రెండేళ్ళు ఇంటీరియర్ సైట్ సూపర్‌వైజర్ ఉద్యోగం. ఆ చదువుకీ ఈ పనికీ ఏం సంబంధమని మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. ఇరవై రెండేళ్ళలో ఒక్క రోజు, ఇరవై నిమిషాల సేపు సంబంధం ఉండింది. ఆ ఇరవై నిమిషాల గురించే ఇదంతా.

కరోనా తగ్గాక మా ఊళ్ళో చిన్నా పెద్దా నర్సింగ్ హోములన్నీ ఆక్సిజన్ పైపులైన్లు వేయించుకున్నాయి. అలాంటివాటిల్లో ఒకటి మద్దిలపాలెం జంక్షన్‌కి కాస్త లోపలగా ఉండే పిల్లల నర్సింగ్ హోము. మూడంతస్తులు. రెండో అంతస్తులో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గది, దాన్ని ఆనుకుని డాక్టరు గారి కన్సల్టింగ్ గది. రెంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి డాక్టరు గారి వైపు టేకు ప్యానెలింగ్ చెయ్యాలి. అదీ మాకు అప్పగించిన పని.

ఎందుకు టేకు అని నేను అడిగాను. నేను అన్నీ అడుగుతాను, అది నా రోగం. డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు: "చూడమ్మా, తెల్ల గోడ, తెల్ల కోటు, తెల్ల దుప్పటి చూసి చూసి ఆ తల్లులు హడలిపోయి ఉంటారు. ఈ గదిలోకి వచ్చి కూర్చుంటే ఇంట్లో కూర్చున్నట్టుండాలి. చెక్క చూస్తే మనిషికి భయం తగ్గుతుంది." నాకు ఆ మాట నచ్చింది. భయం తగ్గించే గోడ. తర్వాత ఆ గోడని తలుచుకుని నేను ఎన్నిసార్లు ఉలిక్కిపడి లేచానో ఆయనకి తెలియదు.

పని మీకు తెలిసిందే, అయినా తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గోడకి అడ్డంగా రెండడుగులకొక వరసన సన్నటి చెక్క రీపర్లు బిగిస్తాం. వాటి మీద ప్లైవుడ్, దాని మీద టేకు పలకలు. రీపరు గోడని పట్టుకోవాలంటే గోడకి డ్రిల్లుతో చిల్లులు కొట్టి ప్లగ్గులు దిగ్గొట్టాలి. మా గోడ పద్నాలుగు అడుగులు. వరసకి ఎనిమిది చిల్లులు. ఇంతే. ప్రపంచంలో ఇంతకన్నా ప్రమాదం లేని పని ఉండదని అనుకునేదాన్ని.

మా పన్లో ఒక అలవాటు ఉంది. పుస్తకంలో లేదు, ఎవరూ కాగితం మీద పెట్టలేదు. గోడ లోపల ఎవరేం దాచినా, దాని మీద ఆ దారినే రంగు నూలు కొట్టి పోతారు. రంగు పొడిలో ముంచిన దారం రెండు కొసలా లాగి పట్టి టప్పున వదిలితే గోడ మీద గీత పడుతుంది, అదే నూలు కొట్టడం. కరెంటు వాళ్ళది పసుపు. నీళ్ళ పైపు వాళ్ళది నీలం. గ్యాసు వాళ్ళది ఎరుపు. తర్వాత వచ్చే వడ్రంగి ఆ గీతలు చూసి తప్పించి చిల్లులు కొట్టుకుంటాడు. డ్రాయింగులెందుకు, గోడే డ్రాయింగు. ఈ పద్ధతి మీద నేను ప్రొప్రైటరు గారితో పన్నెండేళ్ళు పోట్లాడాను. "కాగితం మీద పెట్టండి, గోడ మాటలు నమ్మకండి" అని. ఆయన గోదావరి జిల్లా మనిషి, కోపం రాదు. "మీరుండగా కాగితం ఎందుకండీ" అనేవారు. నేను ఉబ్బిపోయేదాన్ని. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి.

ఆ నర్సింగ్ హోములో ఆక్సిజన్ వచ్చే రాగి గొట్టాన్ని అసలు వరండా వైపు గోడ మీద, బయటికి కనిపించేలా వెయ్యాలి. అలాగే వేస్తామని మొదట్లో చెప్పారు, నేను విన్నాను. గొట్టం కనిపిస్తే ఆసుపత్రిలా ఉంటుందని డాక్టరు గారు దాన్ని మా గోడలో గాడి తీయించి లోపల వేయించారు. ఆసుపత్రి ఆసుపత్రిలా ఉండకూడదట! సరే. గ్యాసు వాళ్ళు గొట్టం వేసి, పూత పెట్టి, గోడకి అడ్డంగా ఛాతీ ఎత్తున ఎర్ర నూలు కొట్టి వెళ్ళిపోయారు. ఆ రోజు నేను వేరే సైటులో ఉన్నాను, ఈ మార్పు సంగతి నాకు తర్వాతే తెలిసింది.

మర్నాడు వచ్చి గోడ ఫోటో తీసి ప్రొప్రైటరు గారికి పంపాను. రోజూ పంపేదే, అలవాటు కొద్దీ, తీసిందాన్ని సరిగా చూడకుండానే. ఆ తర్వాత పెయింటరు ఊరికే కూర్చుని ఉన్నాడని, చెదలు పట్టకుండా చెమ్మ ఎక్కకుండా వేసే నల్ల పూత గోడంతా వెయ్యమన్నాను. మామూలుగా అయితే వడ్రంగి వచ్చి గోడ చూసుకుని, తన గుర్తులు పెట్టుకున్నాక వేస్తాం. మా వడ్రంగి మేస్త్రి రెండ్రోజులుగా రావడం లేదు. శుక్రవారం డాక్టరు గారు ఆ గదిలో దిగే ముహూర్తం. నేను ఆగలేదు. సాయంత్రానికి గోడ తారులా నల్లగా అయిపోయింది, దాని మీదున్న గీతతో సహా.

మేస్త్రి ఎందుకు రాలేదంటే, హార్బర్లో బోటు పని. ఆయన సముద్రం వాళ్ళ మనిషి. తాత, తండ్రి పడవలు చెక్కినవాళ్ళు. ఈయనా ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా పడవలే చెక్కి, తర్వాత ఇళ్ళ పనులకి వచ్చాడు. అయినా చేపల వేట నిషేధం ముగిసే రోజులొస్తే మనిషి మన చేతిలో ఉండడు. బోట్లన్నీ నీళ్ళలోకి దిగాలి కదా, అన్నిటికీ మరమ్మతులే. పలక తీసి వాసన చూసి "ఇది ఉబ్బుద్ది మేడమ్, సముద్రం గాలికి ఆగదు" అని చెప్పేవాడు. ఆ పలక ఉబ్బి తీరేది. అలాంటి చెయ్యి ఇంకొకటి నేను చూడలేదు.

బుధవారం పొద్దున్న వచ్చాడు, వెనకాల బావమరిది సామాను సంచి మోసుకుంటూ. గది గుమ్మంలో ఆగిపోయాడు.

"గోడకి ముసుగేసీసినారేటి మేడమ్?"

"మీరు హార్బర్లో కూర్చుంటే మా గోడ మీ కోసం ఆగుతుందా?"

"మా తమ్ముడి బోటండి. ఒదిలీసి ఎలాగొస్తాను?"

"తమ్ముడి బోటు తేలింది, నా పని మునిగింది."

బావమరిది కిసుక్కున నవ్వాడు. "మేడమ్ ఇయాల కాఫీ తాగనేదు బావా" అన్నాడు. మేస్త్రి నవ్వలేదు. గోడ మీద అరచెయ్యి వేసి ఈ చివర నుంచి ఆ చివరకి రాసుకుంటూ నడిచాడు. పూత ఇంకా పూర్తిగా ఆరలేదు, చెయ్యి నల్లగా అయింది. వేళ్ళు వాసన చూసుకున్నాడు. అప్పుడు అడిగాడు. ఈ ప్రశ్న మీరు గుర్తుపెట్టుకోండి.

"లోపలేటైనా ఉన్నాదా మేడమ్?"

నాకు తెలియదు. గొట్టం దారి మార్చారన్న సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పలేదు గనక నా తప్పు కాదని వాదించొచ్చు, వాదనలో నన్ను గెలిచినవాళ్ళు తక్కువ. కానీ ఆయన అడిగింది ఎవరి తప్పని కాదు. ఉందా లేదా అని. దానికి నిజమైన జవాబు "నాకు తెలియదు, కనుక్కుంటాను." పక్క గదిలోకి పది అడుగులు వేసి సిస్టర్‌ని అడిగితే చాలు. ఫోన్ తీసి నేనే తీసిన ఫోటో చూస్తే చాలు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి, ముఖ్యంగా అమ్మాయిలకి. నేను ఈ పన్లో చేరిన కొత్తలో ఒక సైటులో "తెలియదు" అన్నాను. ఆ రోజు నుంచి ఆర్నెల్లు అక్కడి మేస్త్రీలు ప్రతిదీ నన్ను దాటి మగవాళ్ళనే అడిగారు. అప్పుడే ఆ మాటని నాలుక మీంచి చెరిపేసుకున్నాను. ఏది అడిగినా ఠక్కున జవాబు. తెలిస్తే సరైన జవాబు, తెలియకపోతే గట్టి జవాబు.

"ఏమీ లేదు. రెండ్రోజులు ఎగ్గొట్టి వచ్చి ఇప్పుడు ప్రశ్నలొకటా? కొట్టండి."

కొట్టాడు.

కింద వరస ఎనిమిది. రెండో వరస ఎనిమిది. బావమరిది ప్లగ్గులు దిగ్గొడుతున్నాడు. నేను కిటికీ దగ్గర నిలబడి పలకల్లో ఏది ముందు ఏది వెనక అని జతలు చూస్తున్నాను. మూడో వరస ఛాతీ ఎత్తున. అందులో మొదటిది, అంటే మొత్తం మీద పదిహేడోది. డ్రిల్లు మోత మారింది. ఇటుక పొడుస్తున్న గరగర పోయి ఒక్క క్షణం సన్నగా కీచుమంది. మేస్త్రి వెనక్కి లాగాడు. చిల్లులోంచి గోడ పొడి తెల్లగా ఆయన మొహం మీదకి చిమ్మింది. ఆ వెంటనే గాలి. కుక్కర్ విజిల్ తీసేస్తే వచ్చే చప్పుడు లాంటిది, కానీ ఆగడం లేదు.

నాకు మొదట అర్థం కాలేదు. ఏసీ గొట్టమేమో అనుకున్నాను. మేస్త్రికీ అర్థం కాలేదు, కానీ ఆయన చెయ్యికి అర్థమైంది. డ్రిల్లు కింద పెట్టి కుడి బొటనవేలు చిల్లు మీద పెట్టి నొక్కేశాడు. చప్పుడు తగ్గి సన్నటి ఈలలా మిగిలింది.

అదే సమయానికి గోడ అవతల అలారం మోగింది.

ఆ అలారం ఇవాళ్టికీ నా చెవుల్లో ఉంది. మైక్రోవేవ్ ఓవెను మోగినా చేతిలోది వదిలేసి గోడ వైపు చూస్తాను. నవ్వకండి.

హెడ్ సిస్టర్ గుమ్మంలోకి వచ్చింది. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ గొంతు పెంచదు. ఆ రోజూ పెంచలేదు. "ఆక్సిజన్ ప్రెషర్ పడిపోతోంది. ఏం చేశారు?" అంది. మేస్త్రి వేలు చూసింది, గోడ చూసింది. "వేలు తియ్యకండి. తీస్తే పిల్లలకి అందదు." మళ్ళీ తనే లెక్కపెట్టుకుంది. "అయిదుగురు. ముగ్గురు ఆక్సిజన్ మీదున్నారు. వాల్వు కట్టేస్తే ముగ్గురికీ ఒకేసారి ఆగిపోతుంది. ముందు సిలిండర్లు పెట్టాలి. పైన ఒక్కటే ఉంది. రెండు కిందనుంచి రావాలి."

"లిఫ్టు?" అన్నాను.

"రిపేరులో ఉంది."

బావమరిది అప్పటికే సంచిలోంచి రెండు తీశాడు: ఒక దూది ఉండ, ఒక నూనె డబ్బా. పడవ పలకల మధ్య నీళ్ళు ఊరితే వాళ్ళు చేసే పని అదే, నూనెలో ముంచిన దూది కూరి గట్టిగా కొడతారు. పుట్టినప్పటి నుంచి చూసిన పని. మూత తీశాడు, దూది ముంచబోయాడు. "బావా, ఏలు తియ్యి, కుక్కీత్తాను" అన్నాడు.

అరిచాను. నా జీవితంలో అంత గట్టిగా నేను ఎవరి మీదా అరవలేదు, నేను అరవని మనిషంటూ లేకపోయినా. "నూనె వద్దు! మూత పెట్టు! బయటికి తీసుకుపో!"

బీఎస్సీ రెండో ఏడు మా లెక్చరరు గారు చెప్పిన పాఠం అది. ఒత్తిడి మీద వచ్చే ఆక్సిజన్‌కి నూనె తగిలితే నిప్పు రవ్వ కూడా అక్కర్లేదు, దానంతట అదే అంటుకోవచ్చు. నర్సింగ్ హోము కింద సిలిండర్ల గది తలుపు మీద కూడా ఎర్ర అక్షరాలతో రాసుంది, నూనె చేతులతో ముట్టరాదని. రోజూ దాని పక్కనుంచే ఎక్కేదాన్ని.

బావమరిది బిత్తరపోయి డబ్బా పట్టుకుని బయటికి పరుగెత్తాడు. అప్పుడు నాకు ఇంకొకటి తట్టింది. మేస్త్రి వేలు పెట్టిన చోటు చుట్టూ ఉన్నదేంటి? నేను వేయించిన నల్ల పూత. అది నూనె సరుకే. ఇంకా తడిగా ఉంది. ఆయన చేతికంతా అదే. కింద గుట్టగా చెక్క పొట్టు. ప్లగ్గులో డ్రిల్లు. ఏసీ కోసం మూసేసిన కిటికీలు. పద్నాలుగు అడుగుల గోడ నా కళ్ళకి అగ్గిపెట్టె పక్కలా కనిపించింది.

ఈ ఊళ్ళో గ్యాసు అనే మాట వింటే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. కరోనా మొదటి ఏడు ఫ్యాక్టరీ గ్యాసు లీకై జనం రోడ్ల మీదే పడిపోయిన రాత్రిని ఎవరూ మరిచిపోలేదు. దీనికి వాసన కూడా లేదు. ఎంత నిండిందో ఎలా తెలుస్తుంది? స్విచ్చు ముట్టుకోవద్దన్నాను. డ్రిల్లు ప్లగ్గు పీకొద్దన్నాను. కిటికీలు రెండూ తోసి తెరిచాను, ఒకటి బిగుసుకుపోతే మోచేత్తో కొట్టాను. పొట్టు చీపురుతో ఊడిస్తే రాపిడికి ఏమవుతుందోనని భయం. మోకాళ్ళ మీద కూర్చుని చేతుల్తో ఎత్తి గోనెసంచిలో పోశాను. సగం కిందనే పడుతోంది.

బావమరిది మళ్ళీ వచ్చాడు. "ఏటి సెయ్యాలో సెప్పండి."

"కిందకెళ్ళి సిలిండరు. చేతులు సబ్బుతో కడుక్కుని, ఆ తర్వాతే ముట్టుకో."

వెళ్ళాడు. మనిషి నడుమంత ఎత్తు ఇనప సిలిండరు, కింది కుర్రాళ్ళెవరూ కదిలేలోగా భుజాన వేసుకుని రెండంతస్తులు ఎక్కాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఈ కథ చెప్పేవాళ్ళెవరూ అతని పేరెత్తరు. నేను కూడా పేరు చెప్పడం లేదనుకోండి, కానీ మనిషిని చెబుతున్నాను.

పొట్టు సంచి పట్టుకుని వరండాలోకి వచ్చాను. బెంచీ మీద ఒక తల్లి. అచ్యుతాపురంలో ఏదో కంపెనీలో ప్యాకింగు పని చేసే పిల్ల, ఇరవై రెండో ఇరవై మూడో. వారం రోజులుగా అదే బెంచీ మీద ఒడిలో ఫ్లాస్కు పెట్టుకుని కూర్చునేది. అయిదుగురిలో అందరికన్నా చిన్నది ఈమె పాపే. అలారం విని లేచి నిలబడింది.

"మేడమ్, ఆ మోత పిల్లల గదిలోదే గదా? ఏటయినాది?"

"ఏమీ లేదు" అన్నాను.

మళ్ళీ అదే మాట. పొద్దున్న ఏ నోటితో ఎంత గట్టిగా అన్నానో అంతే గట్టిగా. ఆ పిల్ల నమ్మింది. కూర్చుంది. ఫ్లాస్కు మూత తిప్పుతూ, బిగిస్తూ.

తిరిగి గదిలోకి వెళ్ళాను. మేస్త్రి అలాగే ఉన్నాడు, గోడకి భుజం ఆనించి, బొటనవేలి గోరు తెల్లగా పాలిపోయి. చెమట కళ్ళలోకి కారుతోంది. నా పమిట కొంగుతో తుడిచాను.

"పిల్లలెంతమందండి అవతల?"

"అయిదుగురు."

"ఆడపిల్లలా, మగపిల్లలా?"

"ఇప్పుడు అదెందుకు?"

"ఊరికినే. మాటాడకపోతే బయమేత్తంది మేడమ్."

ఆయనకీ భయమేస్తోందన్న మాట వినగానే నాకు కాస్త ఊపిరాడింది. చెప్పాను, ముగ్గురు ఆడ, ఇద్దరు మగ. "మా ఇంట్లోనూ అంతేనండి లెక్క" అన్నాడు. "వేలు నొప్పిగా ఉందా?" అంటే, "తెల్డం నేదండి, సల్లబడిపోయింది. ఉందో పోయిందో మీరే సూసి సెప్పాల." మళ్ళీ, "బోటుకి సిల్లు పడ్డా ఇలాగే నొక్కీవోలమండి. నీలు లోపలికొత్తాయి, ఇది బయటికొత్తంది. అంతే తేడా."

"ఇది అంటుకుంటుంది" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఆయన తన చేతి చుట్టూ ఉన్న నలుపు చూశాడు. నన్ను చూశాడు. "అయితే మీరు బయటికెల్లండి" అన్నాడు.

వెళ్ళలేదు. ధైర్యం వల్ల కాదు. కాళ్ళు కదల్లేదు.

అవతల నుంచి సిస్టర్ గొంతు వినిపిస్తోంది. ఒకటో పాప సిలిండరు మీదకి మారింది. బాబు మారాడు. మూడో పాపకి గొట్టం మార్చేటప్పుడు, ఆ చిన్నదానికి, గొంతు ఒక్కసారిగా పదునెక్కింది: "రంగు మారుతోంది. బ్యాగ్ ఇవ్వండి, బ్యాగ్!" తర్వాత మాటలు లేవు. రబ్బరు బుడ్డీ పిసికే చప్పుడు మాత్రం, పుస్, పుస్. నేను లెక్కపెట్టాను. ఎందుకో తెలియదు. మేస్త్రి కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. నలభై ఒకటి దగ్గర పాప ఏడ్చింది. పిల్లి కూన కన్నా సన్నగా.

సిస్టర్ కేకేసింది. "వాల్వు కట్టేశాం. వదిలెయ్యండి."

ఆయన వదల్లేదు. వదల్లేకపోయాడు, వేలు వంగడం లేదు. నేనే ఆయన మణికట్టు పట్టుకుని మెల్లగా వెనక్కి లాగాను. చిల్లులోంచి ఒక చిన్న నిట్టూర్పు వచ్చి ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఆ గదిలోనే పంచాయితీ. డాక్టరు గారు ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చారు, మా ప్రొప్రైటరు గారు కారులో వచ్చారు. మేస్త్రిని గోడ పక్కనే నిలబెట్టారు. డాక్టరు గారు ఆయన్నే నిలదీశారు. "గోడలో ఏముందో అడక్కుండా ఎలా కొట్టావయ్యా? ఎవర్నైనా అడిగావా?"

నేను నోరు తెరిచాను. ప్రమాణం చేసి చెప్పమన్నా చెబుతాను, తెరిచాను. కానీ ఆయన నాకన్నా ముందే అన్నాడు.

"నాకెవలూ ఏటీ సెప్పనేదండి. నానూ అడగనేదు. తప్పయిపోనాది."

అప్పుడు నేను తెరిచిన నోరు మూసుకున్నాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క వాదనలోనూ వెనక్కి తగ్గనిదాన్ని, అక్కడ తగ్గాను. ఎందుకో రకరకాలుగా చెప్పుకున్నాను నాకు నేను. కంగారులో ఉన్నాననీ, తర్వాత చెబుదామనీ. అసలు సంగతి ఏమిటంటే, అంతకుముందు గంట సేపు నేను పడిన భయం అంతా ఆ ఒక్క మాటతో తేలికైపోయింది. తేలికైనదాన్ని మళ్ళీ నెత్తికెత్తుకోవడానికి మనసొప్పలేదు.

ఆయన్ని ఆ పూటే పంపేశారు. బావమరిది సామాను సంచి సర్దుతూ నా వైపు ఒక చూపు చూశాడు. పొద్దున్న జోకులేసిన మనిషి.

బస్సులో ఇంటికి పోతూ ఫోన్ తీశాను. ఫోటో ఉంది. గోడకి అడ్డంగా, ఛాతీ ఎత్తున, చక్కగా, ఎర్రటి గీత. పిల్లలకి చూపించినా ఇదేంటని అడిగేంత స్పష్టంగా.

పది రోజులు పట్టింది నాకు. పదకొండో రోజు ప్రొప్రైటరు గారికి చెప్పాను. "అయిపోయిందానికి ఇప్పుడెందుకండీ, మీ పేరు బాగానే వచ్చిందిగా" అన్నారు వెన్నలాంటి గొంతుతో. డాక్టరు గారికి చెప్పాను. ఆయన "గొట్టం లోపల వెయ్యమన్నది నేను" అన్నారు. ఇద్దరం ఒకరి తప్పు ఒకరం క్షమించేసుకున్నట్టు టీ తాగాం. మేస్త్రిని క్షమించడానికి అక్కడ మేస్త్రి లేడు. అప్పటికి తాగొచ్చాడన్న ముక్క కూడా కథకి అతుక్కుంది. ఎంతమందిని కాదని వాదించినా ఊడిరాలేదు. ఊరికే పొరపాటు చేశాడంటే వినేవాళ్ళకి చప్పగా ఉంటుంది కాబోలు.

ఆ గోడ ఇంకెవరో పూర్తి చేశారు. గొట్టం బయటికొచ్చింది. టేకు నిగనిగలాడుతోంది. ఆ తల్లి ఒకసారి పాపని ఎత్తుకుని రావడం చూశాను. పాప ఆ చెక్క మీద అరచేత్తో టపటపా కొడుతోంది. నేను ముందుకి వెళ్ళలేదు. ఆ తల్లికి నేను ఆ రోజు చెప్పిన "ఏమీ లేదు" బదులు నిజం ఇంకా బాకీ ఉన్నాను.

మేస్త్రి కోసం హార్బర్‌కి వెళ్ళాను, ఒక్కసారే. ఒడ్డుకి లాగిన బోటు పక్కన కూర్చుని పలక చెక్కుతున్నాడు. నన్ను చూసి లేచాడు, కూర్చోవడానికి పీట తెప్పించాడు, టీ తెప్పించాడు. తనది సగం తాగి పారబోశాడు.

"ఆ సిన్న పాప బాగున్నాదాండి?"

"బాగుంది. నడుస్తోంది."

తల ఊపాడు. అప్పుడు అడిగాను. "ఆ రోజు లోపల ఏమైనా ఉందా అని మీరు నన్ను అడిగారు. నేను లేదన్నాను. అందరి ముందూ అడగలేదని ఎందుకు చెప్పారు?"

ఉలి పదును వేలితో చూసుకున్నాడు. ఆ బొటనవేలు ఇప్పటికీ సరిగా వంగదు.

"అడిగినానేటండి? గుర్తునేదు మేడమ్" అన్నాడు. మళ్ళీ చెక్కడం మొదలుపెట్టాడు.

గుర్తులేకపోవడమేమిటి? ఇరవై ఏళ్ళ కిందటి పలక ఏ బోటులో ఏ మూల వేశాడో చెప్పగల మనిషి.

అప్పటి నుంచీ ఇదే నన్ను తొలుస్తోంది. మీలో ఎవరైనా ఆయన దగ్గర పని నేర్చుకుంటూ ఉంటే, హార్బర్ వైపు వెళ్తే, నా తరఫున అడగండి. నేను పంపానని చెప్పొద్దు, మామూలుగా అడగండి. ఆడమనిషి ఉద్యోగం పోతుందని ఆయన నన్ను కాపాడాడా? లేక, పన్నెండేళ్ళు నా కింద పనిచేసి కూడా, నన్ను అడగడాన్ని అడగడంగానూ, నేను చెప్పిన జవాబుని జవాబుగానూ ఆయన ఎప్పుడూ లెక్కెయ్యలేదా?